ఆంగ్ల భాషణ బోధనలో ధ్వనిసాధనాలు: ఫోనోగ్రాఫు నుంచి అంతర్జాలం దాకా – తెలుగు అభ్యాసకుల దృష్టితో ఒక చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం

ఆంగ్లాన్ని కొత్తగా నేర్చుకొనేవారికి మాట్లాడడం అలవాటు చేయడానికి అంతర్జాల ధ్వనిసాధనాలను వాడడం ఇటీవలి పరిణామంగా కనిపిస్తుంది. అయితే ఆ ఆలోచనకు 1878 నుంచి అవిచ్ఛిన్నమైన చరిత్ర ఉంది. ఈ వ్యాసం ఆ చరిత్రను మూడు ప్రశ్నల ఆధారంగా పరిశీలిస్తుంది. అభ్యాసకుడికి ఆదర్శంగా ఎవరి గొంతు వినిపించారు? అభ్యాసకుడి గొంతును ఎవరు విన్నారు? ఏ కొలమానంతో తప్పొప్పులు నిర్ణయించారు? సాధనాలు మారినా మూడవ ప్రశ్నకు తెలుగు అభ్యాసకుల విషయంలో ఇప్పటికీ తగిన సమాధానం రాలేదనీ, దానికి అవసరమైన జ్ఞానం తెలుగు భాషాధ్యయన సంప్రదాయంలోనే ఉన్నదనీ ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: ఉచ్చారణ, ప్రత్యక్ష పద్ధతి, భాషాప్రయోగశాల, వాగ్గుర్తింపు, సుబోధత, మాతృభాషా ప్రభావం

1. ప్రవేశిక

తెలుగు శాఖల పరిశోధనలో ఆంగ్ల బోధన సాధారణంగా ప్రస్తావనకు రాదు. అది ఆంగ్ల శాఖల పని అన్న అభిప్రాయం బలంగా ఉంది. కాని ఆంగ్లం నేర్చుకొనే తెలుగు విద్యార్థి నోట వచ్చే ప్రతి ఆంగ్ల పదం మొదట తెలుగు ధ్వనివ్యవస్థ గుండా ప్రయాణిస్తుంది. ఆ ప్రయాణంలో జరిగే మార్పులు యాదృచ్ఛికాలు కావు. వాటికి తెలుగు వ్యాకరణంలోనూ, ధ్వనిశాస్త్రంలోనూ నియమాలు ఉన్నాయి. నేడు చరవాణిలోని యంత్రం ఒక బాలుడి ఉచ్చారణను విని 'తప్పు' అని ఎర్రగుర్తు చూపినప్పుడు, ఆ తీర్పు వెనుక ఉన్న ప్రమాణం ఎక్కడిదని అడగవలసిన బాధ్యత తెలుగు పరిశోధకులకూ ఉంది. ఆ ప్రశ్నకు చారిత్రక నేపథ్యాన్ని సమకూర్చడం ఈ వ్యాసం ఉద్దేశం.

2. మైనపు గొట్టం, గ్రామఫోను పళ్లెం

థామస్ ఎడిసన్ 1877లో ఫోనోగ్రాఫును రూపొందించారు. మరుసటి ఏడు 'నార్త్ అమెరికన్ రివ్యూ' పత్రికలో ఆ యంత్రం భవిష్యత్తు గురించి రాసిన వ్యాసంలో ఆయన దాని ఉపయోగాలను ఏకరువు పెట్టారు. వాటిలో వక్తృత్వ బోధన, భాషల ఉచ్చారణను ఉన్నదున్నట్లు భద్రపరచడం, విద్యాబోధన చోటు చేసుకున్నాయి. సంగీతం ఆ జాబితాలో ఒక అంశం మాత్రమే. అంటే ధ్వనిముద్రణ యంత్రం పుట్టిన కొద్ది నెలలకే దానిని మాట నేర్పే సాధనంగా ఊహించడం జరిగింది.

20వ శతాబ్దపు తొలి సంవత్సరాల్లో అమెరికాలోని స్క్రాంటన్ నగరపు ఇంటర్నేషనల్ కరెస్పాండెన్స్ స్కూల్స్ మైనపు గొట్టాలపై భాషాపాఠాలను ముద్రించి విద్యార్థులకు పంపింది. ఈ పద్ధతిలో గమనించదగిన విశేషం ఒకటి ఉంది. మైనపు గొట్టం మీద ఇంటివద్దనే ధ్వనిని ముద్రించవచ్చు. కనుక విద్యార్థి పాఠం విని, తాను పలికినదాన్ని ఖాళీ గొట్టంపై ముద్రించి తపాలాలో పంపితే ఉపాధ్యాయుడు విని సరిదిద్దే వీలు ఉండేది. ఆదర్శ ఉచ్చారణ విద్యార్థికి చేరేది. విద్యార్థి గొంతు ఉపాధ్యాయుడికి చేరేది.

గ్రామఫోను పళ్లెం వ్యాప్తిలోకి వచ్చాక ఈ రెండవ మార్గం మూసుకుపోయింది. పళ్లెం చౌక, మన్నిక ఎక్కువ. కాని దానిపై ముద్రించడం కర్మాగారంలోనే సాధ్యం. 1901లో లండన్‌లో జాక్ రోస్టన్ నెలకొల్పిన లింగ్వాఫోన్ సంస్థ పుస్తకాన్నీ గ్రామఫోనునూ జోడించి భాషాబోధనను ప్రపంచవ్యాప్తం చేసింది. ఆ పాఠాల్లో అభ్యాసకుడు శ్రోతగా మిగిలాడు. 1943లో బి.బి.సి. ప్రారంభించిన 'ఇంగ్లిష్ బై రేడియో' ప్రసారాలదీ అదే పరిమితి. ఆకాశవాణి పెట్టె ముందు కూర్చున్న విద్యార్థి వెంటవెంట పలికినా, సరిగా పలికాడో లేదో చెప్పేవారు లేరు. సాంకేతిక ప్రగతి ప్రతిసారీ బోధనా ప్రగతి కాదనడానికి ఇది తొలి నిదర్శనం.

3. ప్రత్యక్ష పద్ధతి – తెలుగునాట దాని పర్యవసానం

ధ్వనిసాధనాలకు సిద్ధాంతబలాన్ని ఇచ్చింది 19వ శతాబ్దాంతపు భాషాబోధనా సంస్కరణోద్యమం. 1882లో జర్మన్ పండితుడు విల్హెల్మ్ ఫియెటర్ వ్యాకరణ–అనువాద పద్ధతిని తీవ్రంగా విమర్శిస్తూ కరపత్రం ప్రకటించారు. 1886లో పాల్ పాసీ చొరవతో పారిస్‌లో ఏర్పడిన ఉపాధ్యాయ సంఘమే తరువాత అంతర్జాతీయ ధ్వనిశాస్త్ర సంఘం అయింది. 1899లో హెన్రీ స్వీట్ 'ది ప్రాక్టికల్ స్టడీ ఆఫ్ లాంగ్వేజెస్' వెలువరించారు. వీరందరి మూలసూత్రం ఒకటే: మాట ముందు, రాత తరువాత. భాషను అనువాదం ద్వారా కాక నేరుగా ఆ భాషలోనే, వాడుకలో ఉన్న రూపంలోనే నేర్పాలని ప్రత్యక్ష పద్ధతి చెప్పింది.

ఈ భావధార తెలుగునాట ఊహించని ఫలితాన్ని ఇచ్చింది. 1906–07 ప్రాంతంలో ఉత్తరకోస్తా జిల్లాలకు పాఠశాలల తనిఖీ అధికారిగా వచ్చిన జె.ఎ. యేట్స్‌కు, తాను పుస్తకాల్లో చూసిన తెలుగుకూ ప్రజల నోట విన్న తెలుగుకూ ఉన్న దూరం సమస్యగా తోచింది. ఆయన లేవనెత్తిన ప్రశ్న పి.టి. శ్రీనివాస అయ్యంగారు, గురజాడ అప్పారావు, గిడుగు రామమూర్తి గార్లను ఒక వేదిక మీదికి తెచ్చింది. ఆధునిక తెలుగు గురించి గిడుగు 1913లో రాసిన ఆంగ్ల నివేదిక, గురజాడ 1914లో సమర్పించిన అసమ్మతి పత్రం ఆ చర్చ నుంచి వచ్చినవే. వ్యావహారిక భాషోద్యమాన్ని మనం సాహిత్యచరిత్రలో భాగంగా చదువుతాం. అది భాషాబోధన చరిత్రలో కూడా భాగమే. ఒక భాష నేర్చుకొనేవాడికి ఏ రూపాన్ని ప్రమాణంగా చూపాలన్నదే ఆ ఉద్యమపు తొలి ప్రశ్న.

గిడుగు సవర భాషను నేర్చిన తీరు కూడా ఇక్కడ స్మరణీయం. లిపి లేని ఆ భాషను ఆయన మాట్లాడేవారి నోటినుంచే విని నేర్చుకున్నారు, తానే ధ్వనులను విశ్లేషించి రాసుకున్నారు. అదే కాలంలో గ్రియర్సన్ నేతృత్వంలోని భారతీయ భాషా సర్వేక్షణకు అనుబంధంగా గ్రామఫోను ముద్రణలు జరిగాయి. వాటిలో తెలుగు పలుకులకూ చోటు దక్కింది. గొంతును ఆధారంగా తీసుకొని భాషను అధ్యయనం చేయడం మనకు కొత్త కాదని ఈ రెండు ఉదాహరణలు తెలుపుతున్నాయి.

4. భాషాప్రయోగశాల – ఆశలు, అంచనాలు

రెండవ ప్రపంచయుద్ధ కాలంలో అమెరికన్ సైన్యం చేపట్టిన శీఘ్ర భాషాశిక్షణ, యుద్ధానంతరం వ్యాప్తిలోకి వచ్చిన అయస్కాంత టేపు కలిసి శ్రవణ–భాషణ పద్ధతికి దారితీశాయి. టేపుతో ధ్వనిముద్రణ మళ్లీ అభ్యాసకుడి చేతికి వచ్చింది. నమూనా వాక్యం వినడం, దాన్ని పలకడం, రెండింటినీ పోల్చుకోవడం ఒకే పీఠం వద్ద సాధ్యమయ్యాయి. 1957లో సోవియట్ యూనియన్ స్పుత్నిక్‌ను ప్రయోగించాక, 1958 నాటి జాతీయ రక్షణ విద్యా చట్టం కింద అమెరికాలో భాషాప్రయోగశాలలకు విరివిగా నిధులు అందాయి.

ఫలితాలు ఆశించినట్లు లేవు. 1963లో రేమండ్ కీటింగ్ అధ్యయనం, 1960ల ఉత్తరార్ధంలో పెన్సిల్వేనియా పాఠశాలల్లో జరిగిన విస్తృత పరిశీలన, ప్రయోగశాలల వల్ల స్పష్టమైన ప్రయోజనాన్ని చూపలేకపోయాయి. కారణాలపై వాదోపవాదాలు జరిగాయి. ఒక విషయం మాత్రం గమనార్హం. పోల్చుకోవడమనే పనిని ఆ పద్ధతి అభ్యాసకుడి చెవికే వదిలింది. తన భాషలో లేని భేదాన్ని కొత్త అభ్యాసకుడి చెవి పట్టలేదు. వినలేని భేదాన్ని సరిదిద్దుకోవడం అతనికి సాధ్యం కాదు. టేపు గొంతును భద్రపరచింది కాని, దోషం ఎక్కడుందో చెప్పలేదు.

భారతదేశంలో ఈ చరిత్రకు కేంద్రం హైదరాబాదు. 1958లో ఇక్కడ నెలకొన్న సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇంగ్లిష్ 1972లో సి.ఐ.ఇ.ఎఫ్.ఎల్.గా విస్తరించింది, తరువాత కేంద్రీయ విశ్వవిద్యాలయమైంది. అక్కడి ఆచార్యుడు ఆర్.కె. బన్సల్ 1969లో ప్రకటించిన 'ది ఇంటెలిజిబిలిటీ ఆఫ్ ఇండియన్ ఇంగ్లిష్' ప్రశ్ననే మార్చింది. భారతీయుడు ఆంగ్లేయుడిలా పలుకుతున్నాడా అన్నది కాక, అతని మాట వినేవారికి తెలుస్తున్నదా అన్నది ఆయన పరిశీలించారు. ఈ వ్యాసంలో 'సుబోధత' అన్న మాటను ఆ అర్థంలోనే వాడుతున్నాను. పదాలలో ఊనిక తప్పడం వంటి దోషాలు సుబోధతను దెబ్బతీస్తాయని ఆ పరిశోధన చూపింది. అన్ని యాసలూ దోషాలు కావు. అర్థాన్ని చెరిపేవే బోధనలో ముందు పట్టించుకోవలసినవి. ఈ వివేకం ఉచ్చారణ బోధనకు హైదరాబాదు అందించిన విలువైన దానం.

ఈ శతాబ్దంలో తెలుగు రాష్ట్రాల సాంకేతిక విశ్వవిద్యాలయాల ఇంజినీరింగ్ పాఠ్యప్రణాళికలో ఆంగ్ల సంభాషణ ప్రయోగశాల తప్పనిసరి అయింది. కంప్యూటరు ముందు వినికిడి సాధన ఒక భాగం, ముఖాముఖి సంభాషణ మరొక భాగం. ఆ ప్రణాళికల్లో 'మాతృభాషా ప్రభావాన్ని తగ్గించడం' ఒక అంశంగా కనిపిస్తుంది. బన్సల్ చేసిన విభజన ఈ మాటలో లేదు. ప్రభావమంతా తగ్గించవలసినదే అన్నట్లుగా ఈ పదబంధం ధ్వనిస్తుంది.

5. యంత్రానికి చెవి

అంతవరకు యంత్రం వినిపించింది, భద్రపరచింది. విని గుర్తించలేదు. 1952లో బెల్ ప్రయోగశాల రూపొందించిన 'ఆడ్రీ' అంకెలను మాత్రం గుర్తించగలిగేది. నిరంతర వాక్కును గుర్తించే పరిశోధనలో ప్రముఖుడు చిత్తూరు జిల్లా కాటూరులో జన్మించిన దబ్బల రాజగోపాల్ రెడ్డి (రాజ్ రెడ్డి). కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో ఆయన బృందం 'హియర్సే' వ్యవస్థను, 1976 నాటికి సుమారు 1,000 పదాలను గుర్తించే 'హార్పీ'ని నిర్మించింది. 1980ల చివర అక్కడే కై-ఫు లీ రూపొందించిన 'స్ఫింక్స్' వక్త ఎవరైనా గుర్తించగల వ్యవస్థగా పేరుపొందింది. 1994లో రాజ్ రెడ్డి ట్యూరింగ్ పురస్కారాన్ని ఎడ్వర్డ్ ఫైగన్‌బామ్‌తో కలిసి అందుకున్నారు. స్ఫింక్స్ ఆధారంగా అదే విశ్వవిద్యాలయంలో జాక్ మోస్టో బృందం, పిల్లలు పైకి చదువుతుంటే విని సహాయపడే పఠనశిక్షకుడిని తయారుచేసింది. నేటి చరవాణి అనువర్తనాలకు ఇది పూర్వరూపం.

యంత్రపు తీర్పు ఎలా వస్తుందో స్థూలంగా తెలుసుకోవాలి. వాగ్గుర్తింపులో సంప్రదాయంగా రెండు నమూనాలు పనిచేస్తాయి. ఒకటి ధ్వనిని వర్ణాలతో పోలుస్తుంది. రెండవది ఏ పదం తరువాత ఏ పదం రావచ్చో అంచనా వేస్తుంది. రెండవది బలంగా ఉంటే, విద్యార్థి తప్పుగా పలికినా సందర్భాన్నిబట్టి యంత్రం సరైన పదాన్నే రాస్తుంది. విద్యార్థి తన ఊరిపేరును సరిగా పలికినా అది యంత్రానికి పరిచితం కాకపోతే మరేదో రాస్తుంది. కనుక మాటను అక్షరాలుగా మార్చే సాధనాన్ని ఉచ్చారణ పరీక్షకుడిగా వాడితే రెండువైపులా పొరపాటుకు ఆస్కారం ఉంది. 2000లో సిల్కె విట్, స్టీవ్ యంగ్ ప్రతిపాదించిన ఉచ్చారణ మదింపు పద్ధతి ఈ లోపాన్ని కొంత సవరించింది. అది రావలసిన వర్ణానికి పలికిన ధ్వని ఎంత దగ్గరగా ఉందో లెక్కిస్తుంది. ఆ దగ్గరితనం ఎవరి గొంతులతో శిక్షణ పొందిన నమూనాకు అన్నదే అసలు ప్రశ్న.

ఈ ప్రశ్నకు హైదరాబాదులోనే ఒక ప్రయోగం ఉంది. సుగతా మిత్ర, జేమ్స్ టూలీ తదితరులు 2003లో ప్రకటించిన పరిశోధనలో 16 మంది పిల్లలు 5 నెలలపాటు ఉపాధ్యాయుడి జోక్యం లేకుండా బృందాలుగా ఆంగ్ల ఉచ్చారణను సాధన చేశారు. భాషాభ్యాస సాఫ్ట్‌వేరు, కొన్ని ఆంగ్ల చలనచిత్రాలు, మాటను రాతగా మార్చే సాఫ్ట్‌వేరు వారికి సాధనాలు. పిల్లల ఉచ్చారణ మెరుగుపడిందనీ, యంత్రం మదింపు మనుషుల మదింపుతో పొసగిందనీ పరిశోధకులు తేల్చారు. తోటిపిల్లల మధ్య ఆటగా సాగిన సాధన ఫలితమివ్వడం ఇందులోని ఆశాజనకమైన పాఠం. అయితే ఆ యంత్రానికి ముందే ఆమోదయోగ్యమని భావించిన ఒక గొంతుతో శిక్షణ ఇచ్చారు. యంత్రం పిల్లల గొంతుకు అలవాటు పడలేదు, పిల్లలే దాని చెవికి అనుగుణంగా మారారు. వారి మాట తోటి తెలుగువారికి, భారతీయులకు ఎంత సుబోధమన్నది ఆ కొలమానంలోకి రాలేదు.

6. అంతర్జాల సాధనాలు – కొత్త అభ్యాసకుడు

2000 తరువాత వచ్చిన అంతర్జాల సాధనాలను మూడు తెగలుగా విభజించవచ్చు. ఒకటి, గొంతును ముద్రించి పంపేవి. రెండు, రాతను చదివి వినిపించేవి. మూడు, విని తీర్పు చెప్పేవి.

మొదటి తెగలో తెలుగునాట అత్యధికులకు అందుబాటులో ఉన్నది వాట్సాప్. 2013లో అందులో గొంతు సందేశాల సౌకర్యం వచ్చింది. 2020లో బడులు మూతపడ్డప్పుడు అది అనేకమంది ఉపాధ్యాయులకు తరగతిగదిగా మారింది. బోధన దృష్టితో ఇది మైనపు గొట్టపు తపాలాకు పునరుజ్జీవనం. విద్యార్థి వాక్యాన్ని ఎన్నిసార్లయినా పలికి, తనకు నచ్చినదాన్నే పంపవచ్చు. నలుగురిలో నోరు విప్పడానికి జంకే ప్రారంభ దశ విద్యార్థికి ఈ ఏకాంతం పెద్ద మేలు. పరిమితి ఉపాధ్యాయుడి సమయం. 40 మంది విద్యార్థులు చెరి 2 నిమిషాలు మాట్లాడి పంపితే, ఒకసారి వినడానికే 80 నిమిషాలు కావాలి. ఒక్కొక్కరికి బదులు చెప్పడానికి పట్టే కాలం దీనికి అదనం.

రెండవ తెగ సాధనాలు ఆదర్శ ఉచ్చారణను కోరినంత నెమ్మదిగా, కోరినన్ని సార్లు వినిపిస్తాయి. ఇంట్లో ఆంగ్లం వినే అవకాశం లేని పిల్లలకు ఇది కొత్త అందుబాటు. విడిపదాల ఉచ్చారణకు ఇవి చాలినంత ఉపకరిస్తాయి. సంభాషణలో స్వరగతి సందర్భాన్నిబట్టి మారే తీరును నేర్పడానికి మాత్రం మనిషి మాటే మేలు.

మూడవ తెగ ఉపాధ్యాయుడి సమయ పరిమితికి పరిష్కారంగా ముందుకు వచ్చింది. గూగుల్ 2019లో భారతదేశంలో హిందీ, ఆంగ్లాలతో 'బోలో' పేరిట ప్రారంభించిన పఠన అనువర్తనం 2020లో 'రీడ్ అలాంగ్'గా మారి తెలుగును కూడా చేర్చుకొంది. పిల్లవాడు చదువుతుంటే విని, తడబడిన చోట సాయపడడం దాని పని. ఇటువంటి సాధనాల న్యాయబుద్ధి శిక్షణకు వాడిన గొంతుల వైవిధ్యాన్నిబట్టి ఉంటుంది. 2020లో అమెరికా జాతీయ విజ్ఞాన అకాడమీ పత్రికలో వచ్చిన ఒక అధ్యయనం 5 ప్రముఖ సంస్థల వాగ్గుర్తింపు వ్యవస్థలను పరీక్షించింది. పదదోషాల సగటు శ్వేతజాతి వక్తల విషయంలో 0.19, నల్లజాతి వక్తల విషయంలో 0.35. మాతృభాషగా ఆంగ్లం మాట్లాడేవారిలోనే ఇంత భేదం ఉంటే, తెలుగు పల్లెలోని ప్రారంభ విద్యార్థి పలుకును అటువంటి కొలతకు అప్పగించేముందు పరీక్షించడం అవసరం.

7. తెలుగు ధ్వనివ్యవస్థ – యంత్రపు కొలమానం

'మాతృభాషా ప్రభావం' అన్న ఒక్క మాట కింద కలగలిపిన అంశాలను తెలుగు వ్యాకరణజ్ఞానంతో విడదీయవచ్చు.

మొదటిది అజంతత్వం. తెలుగు పదాలు ప్రాయికంగా అచ్చుతో ముగుస్తాయి. అందువల్ల బస్, రోడ్, పెన్ అన్నవి బస్సు, రోడ్డు, పెన్ను అవుతాయి. తెలుగు వాక్యంలో ఇది దోషం కాదు, భాష చేసుకొన్న స్వీకరణ. ఆంగ్ల వాక్యంలో అదే అచ్చు వినిపిస్తే చెవికి కొత్తగా ఉంటుంది కాని, అర్థం చెడడం అరుదు. రెండవది పదాదిలో వచ్చే య, వ శ్రుతులు. చిన్నయసూరి 1858 నాటి బాలవ్యాకరణంలో తెలుగు పదాల మొదట యకారమూ, వు, వూ, వొ, వోలూ లేవని సూత్రీకరించారు. వాడుకలో మాత్రం పదాది ఎ, ఒలకు ముందు ఈ శ్రుతులు సహజంగా వినిపిస్తాయి. అందుకే ఆంగ్లంలో గుడ్డు 'యెగ్' అవుతుంది. ఇంతవరకు ఇబ్బంది లేదు. 'ఇయర్' అనే చెవికీ 'యియర్' అనే సంవత్సరానికీ భేదం పోయినప్పుడు మాత్రం అర్థం చెడుతుంది. మూడవది మహాప్రాణత. అచ్చతెలుగులో మహాప్రాణాలు లేవన్నది సంప్రదాయ వ్యాకరణమే చెప్పినది. ఆంగ్లంలో పదాదిన ఊనికతో వచ్చే ప, ట, క ధ్వనులు ఊపిరితో కలిసి పలుకుతాయి. ఆ ఊపిరి లేకపోతే ఆంగ్ల శ్రోత 'పిన్'ను 'బిన్'గా వినవచ్చు. నాల్గవది ఊనిక. 'ఫొటోగ్రాఫ్'లో మొదటి అక్షరంపైన, 'ఫొటోగ్రఫీ'లో రెండవ అక్షరంపైన ఊనిక పడుతుంది. తెలుగులో ఊనికకు అర్థభేదక శక్తి లేదు. అందువల్ల తెలుగు విద్యార్థి ఈ మార్పును వినడమే నేర్చుకోవాలి.

మాతృభాష తోడ్పడే చోట్లూ ఉన్నాయి. 'బ్యాంకు'లో వినిపించే వివృతమైన అచ్చు తెలుగు వాడుకలో 'వచ్చాడు' వంటి క్రియారూపాలలో ఉన్నదే. అచ్చుల హ్రస్వదీర్ఘ భేదం తెలుగువారికి పుట్టుకతో అలవడినదే. కనుక 'సిట్', 'సీట్' భేదాన్ని పట్టడానికి అది ఆధారమవుతుంది. ఆంగ్లంలో ఆ భేదం నిడివితోపాటు నాలుక స్థానంలోనూ ఉందని ఉపాధ్యాయుడు చూపిస్తే చాలు.

ఈ విభజనను సాధనంలో చేరిస్తే తీర్పు స్వభావమే మారుతుంది. 'రోడ్డు' అన్నందుకూ, ఊనిక తప్పినందుకూ ఒకే మార్కు కోత పడదు. ఒకటి యాసగా నమోదవుతుంది, మరొకటి సాధన చేయవలసిన అంశంగా వస్తుంది. ప్రారంభ దశ విద్యార్థికి ఈ తేడా ముఖ్యం. తొలి మెట్టులోనే ప్రతి పదానికీ ఎర్రగుర్తు చూసినవాడు తన గొంతే తప్పని అనుకొంటాడు, మాట్లాడడం మానుకొంటాడు. భాషణ బోధనకు ఇంతకంటే పెద్ద వైఫల్యం లేదు.

8. ముగింపు

పై పరిశీలన వల్ల కొన్ని నిర్ణయాలకు రావచ్చు. అభ్యాసకుడి గొంతు తిరిగి వినిపించే మార్గం ఉన్న సాధనాలే భాషణ బోధనకు నికరంగా ఉపకరించాయి. పోల్చే పనిని శిక్షణ లేని చెవికి వదిలినప్పుడు ప్రయోగశాల ఆశించిన ఫలితం ఇవ్వలేదు. పోల్చే పనిని యంత్రానికి అప్పగించినప్పుడు దాని కొలమానం ప్రశ్నార్థకమైంది. కనుక ప్రస్తుత స్థితిలో అంతర్జాల సాధనాలను వినిపించడానికీ, ముద్రించడానికీ, పునస్సాధనకూ నిస్సంకోచంగా వాడవచ్చు. మార్కులు వేసే అధికారాన్ని మాత్రం వాటికి ఇవ్వడం తొందరపాటు.

ఆ కొలమానాన్ని సరిచేసే పనిలో తెలుగు శాఖలకు నిర్దిష్టమైన పాత్ర ఉంది. 1962లో భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో మొదటి సంపుటం వెలువడిన మాండలిక వృత్తిపదకోశం, జిల్లా జిల్లాకూ వెళ్లి వృత్తిజీవుల నోటి మాటను సేకరించే క్షేత్రపద్ధతిని మనకు ఇచ్చింది. అదే పద్ధతిలో ఉత్తరాంధ్ర, కోస్తా, రాయలసీమ, తెలంగాణ ప్రాంతాల ప్రారంభ విద్యార్థుల ఆంగ్ల పలుకులను సేకరించి, ఏ మార్పు సుబోధతను చెరుపుతుందో, ఏది కేవలం యాసో గుర్తించి, సాంకేతిక నిపుణులకు అందించవచ్చు. పిల్లల గొంతు వారి వ్యక్తిగత సమాచారం. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం కోరినట్లు తల్లిదండ్రుల అనుమతితోనే ఈ సేకరణ జరగాలి.

యేట్స్ అడిగిన ప్రశ్నకు నాటి పండితులు ప్రజల నోటి మాటను సాక్ష్యంగా చూపి సమాధానం చెప్పారు. ఆంగ్లం పలికే తెలుగు పిల్లల గొంతును యంత్రం కొలుస్తున్న ఈ కాలంలో, ఆ సాక్ష్యాన్ని సేకరించి శాస్త్రీయంగా వివరించవలసిన బాధ్యత నేటి తెలుగు పరిశోధకులది.